నిద్రమాత్ర అలవాటైతే బానిసైనట్టేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

నిద్రమాత్రలు, టెన్షన్ మాత్రలు, గట్టి నొప్పి మాత్రల గురించి మన ఇళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "అవి వేసుకుంటే బానిసైపోతాం" అని కొందరు మొదటి రోజే చీటీ పక్కన పడేస్తారు. "డాక్టరే రాశాడుగా, ఏమవుతుంది" అని ఇంకొందరు ఏళ్ల కిందటి చీటీ మీదే స్ట్రిప్పులు తెచ్చుకుంటూ ఉంటారు. శరీరం మందుకు అలవాటు పడటాన్నీ వ్యసనాన్నీ ఒకటిగా చూడటం వల్లే ఈ రెండు పొరపాట్లూ జరుగుతున్నాయి. ఈ ప్రశ్నల్లో ఎక్కువ భాగం నిద్రకు, టెన్షన్‌కు ఇచ్చే ఆల్ప్రాజోలామ్, క్లోనజిపామ్, నొప్పికి ఇచ్చే ట్రమడాల్ లాంటి వాటి గురించే, ఎందుకంటే మన వైపు తరచుగా కనిపించేవి అవే. ఇది చదివి ఎవరూ సొంతంగా డోసు మార్చుకోవద్దు.

అలవాటు పడటానికీ వ్యసనానికీ తేడా ఏమిటి?

ఒక మందు రోజూ అందుతుంటే మెదడూ నరాలూ దానికి తగ్గట్టు తమ పనితీరును సర్దుకుంటాయి. శరీరం అలవాటు పడటమంటే ఇదే. మందు హఠాత్తుగా ఆగితే ఆ సర్దుబాటు బయటపడుతుంది. నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, గుండె దడదడలాడుతుంది. వీటిని విత్‌డ్రాయల్ లక్షణాలంటారు. డాక్టర్ చెప్పిన డోసును చెప్పినట్టే వాడినవాళ్లకూ ఇవి వస్తాయి. ఇందులో మనిషి తప్పు లేదు.

వ్యసనం ప్రవర్తనలో కనిపించే జబ్బు. మందు మీద యావ పుడుతుంది, ఎంత వేసుకోవాలన్న దానిపై అదుపు పోతుంది. ఉద్యోగం, ఇల్లు, ఒళ్లు దెబ్బతింటున్నాయని తెలిసినా మానలేరు.

రెండూ ఒకరిలోనే ఉండొచ్చు, విడివిడిగానూ ఉండొచ్చు. గర్భంతో ఉన్నప్పుడు తల్లి మార్ఫిన్ తరహా మందులు వాడితే, పుట్టిన కొద్ది రోజుల్లోనే బిడ్డ వణుకుతుంది, ఊరుకోకుండా ఏడుస్తుంది, పాలు సరిగా తాగదు. ఆ బిడ్డ శరీరం మందుకు అలవాటు పడింది. పసిబిడ్డకు వ్యసనం ఉందని మాత్రం ఎవరూ అనరు. కొకైన్‌లో దీనికి తిరగబడిన పరిస్థితి ఉంటుంది. మానినప్పుడు ఒంటి బాధ తక్కువ, వ్యసనం మాత్రం చాలా గట్టిది.

మా అమ్మ పదేళ్లుగా రాత్రిపూట ఆల్ప్రాజోలామ్ 0.25 వేసుకుంటోంది. ఆమెకు వ్యసనం ఉన్నట్టా?

ఈ ఒక్క మాటను బట్టి అలా అనలేం. పదేళ్లుగా అదే డోసు, పడుకునే ముందు ఒక్కటే, మాత్ర దొరకని రాత్రి నిద్ర పట్టక చిరాకు పడటం తప్ప మరే గొడవా లేదంటే, ఆవిడ శరీరం మందుకు అలవాటు పడిందనుకోవచ్చు. వ్యసనం ఛాయలు ఇందులో లేవు. ఆవిడతో "మత్తుకు బానిసయ్యావు" అనడం అన్యాయం. ఆ మాటకు రోషపడి ఆవిడ ఒకేసారి మానేస్తే ప్రమాదం కూడా.

అలాగని అంతా బాగున్నట్టు కాదు. ఈ మాత్రలను మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడకూడదని వైద్యులు చెబుతారు. పెద్ద వయసులో వీటివల్ల రాత్రి బాత్‌రూమ్‌కు లేచినప్పుడు తూలి పడటం, తుంటి ఎముక విరగడం, పగటి మగత, మతిమరుపు ఎక్కువవుతాయి. మతిమరుపు వస్తే మనం వయసును తప్పుపడతాం. రాత్రి మాత్ర మీదికి అనుమానం పోదు. అందుకని అమ్మను తీసుకెళ్లి డాక్టర్‌ను ఒకే విషయం అడగండి: ఈ మాత్ర ఇంకా అవసరమేనా, కాకపోతే ఎన్ని నెలల్లో తగ్గించవచ్చు?

ఏయే మందులకు శరీరం ఇలా అలవాటు పడుతుంది?

నిద్రకు, ఆందోళనకు ఇచ్చేవాటిలో ఆల్ప్రాజోలామ్ (ట్రైకా, ఆల్ప్రాక్స్, రెస్టిల్ లాంటి పేర్లతో దొరుకుతుంది), క్లోనజిపామ్, డయాజిపామ్, లోరాజిపామ్, ఎటిజోలామ్, జోల్పిడెమ్. నొప్పి మందుల్లో ట్రమడాల్, టాపెంటడాల్, కోడీన్, మార్ఫిన్. షుగర్ వల్ల అరికాళ్లు మండేవాళ్లకు రాసే ప్రీగాబలిన్ కూడా ఈ జాబితాలోదే. దాన్నీ ఒక్కరోజులో ఆపకూడదు.

అసలు చిక్కు కలిపి అమ్మే మాత్రలతో ఉంది. డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్సిటలోప్రామ్‌తో క్లోనజిపామ్ కలిపిన మాత్రలు మన దేశంలో చాలా ఎక్కువ. గ్యాస్, కడుపు పట్టేయడం అని రాసే లిబ్రాక్స్‌లో క్లోర్‌డయాజిపాక్సైడ్ ఉంటుంది. అది ఆల్ప్రాజోలామ్‌కు దగ్గరి చుట్టమే. ఒళ్లు నొప్పులకు నలుగురూ వాడే అల్ట్రాసెట్‌లో పారాసెటమాల్‌తో పాటు ట్రమడాల్ ఉంటుంది. "నేను నిద్రమాత్రలేవీ వాడను" అని ధీమాగా చెప్పేవాళ్లు ఒకసారి స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదివితే మంచిది.

వ్యసనమన్న మాటే రాని మందులకూ శరీరం సర్దుకుంటుంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వారాల తరబడి వాడితే శరీరం సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించేస్తుంది. దాన్ని టక్కున ఆపితే నీరసం, బీపీ పడిపోవడం లాంటి తీవ్ర ఇబ్బందులు వస్తాయి. బీపీకి రాసే ప్రొప్రనొలాల్, క్లోనిడిన్ ఒక్కసారిగా మానితే దడ, బీపీ ఎగదన్నుతాయి. జలుబుకు వేసుకునే ముక్కు చుక్కలు కొద్ది రోజులు దాటి వాడితే, అవి లేకపోతే ముక్కు తెరుచుకోని స్థితి వస్తుంది. అయినా ముక్కు చుక్కల కోసం బంగారం తాకట్టు పెట్టినవాళ్లను ఎవరూ చూసి ఉండరు.

బీపీ, షుగర్ మాత్రలు జీవితాంతం వాడాలంటారు. అదీ ఇలాంటిదేనా?

పైన చెప్పిన ప్రొప్రనొలాల్, క్లోనిడిన్ లాంటి కొన్ని తప్ప, కాదు. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు మానేస్తే తిరిగి వచ్చేది పాత జబ్బే. మందు వల్ల కొత్తగా పుట్టిన ఇబ్బంది కాదు. "ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుంది" అన్న భయంతో ఇన్సులిన్‌నూ బీపీ మాత్రనూ వాయిదా వేసేవాళ్లు మన దగ్గర చాలామంది. ఆ భయానికి ఆధారం లేదు, దానివల్ల కిడ్నీలు, కళ్లు పోగొట్టుకునే ప్రమాదం మాత్రం ఉంది.

మొదట్లో ఒక మాత్రకే నిద్ర పట్టేది. ఇప్పుడు రెండు వేసుకున్నా పట్టడం లేదు. ఎందుకు?

ఆల్ప్రాజోలామ్ లాంటివి మెదడులో గాబా అనే రసాయనం పనిని పెంచుతాయి. గాబా పని బండికి బ్రేకు లాంటిది. రోజూ బయటి నుంచి బ్రేకు గట్టిగా నొక్కుతుంటే, బండిని నడిపించడానికి మెదడు యాక్సిలరేటర్ పెంచుతూ పోతుంది. కొన్నాళ్లకు అదే మాత్ర చాలదు. దీన్నే టాలరెన్స్ అంటారు. మాత్ర హఠాత్తుగా మానితే బ్రేకు పోయి యాక్సిలరేటర్ మిగులుతుంది. అందుకే దడ, వణుకు, కొందరికి ఫిట్స్.

టాలరెన్స్ వచ్చిందంటే వ్యసనం వచ్చిందని కాదు. కానీ సొంతంగా రెండో మాత్ర వేసుకున్న రోజు నుంచి జాగ్రత్త పడాల్సిందే. ఇక్కడినుంచి దారి ఎటైనా పోవచ్చు.

వ్యసనం ఉందని డాక్టర్లు దేన్ని బట్టి చెబుతారు?

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక జబ్బుల నిర్ధారణ పద్ధతిని మన వైద్యులూ వాడతారు. అందులో 11 లక్షణాలున్నాయి. గడిచిన 12 నెలల్లో రెండు కనిపిస్తే సమస్య మొదలైనట్టు, ఆరు లేదా అంతకు మించితే తీవ్రమైనట్టు. అనుకున్నదానికంటే ఎక్కువ, ఎక్కువకాలం వాడటం, తగ్గించాలని ప్రయత్నించి ఓడిపోవడం, యావ, ఇంటి బాధ్యతలు వదిలేయడం, ప్రమాదమని తెలిసీ వాడటం లాంటివి వాటిలో ఉన్నాయి.

టాలరెన్స్, విత్‌డ్రాయల్ కూడా ఆ 11లోనే ఉన్నాయి. అయితే డాక్టర్ పర్యవేక్షణలో, రాసిన ప్రకారం మందు వాడుతున్నవాళ్ల విషయంలో ఆ రెండింటినీ లెక్కలోకి తీసుకోకూడదని అక్కడే స్పష్టంగా ఉంది. పై ప్రశ్నలోని అమ్మగారికి ఈ నిబంధన వర్తిస్తుంది.

ఇంట్లో కూర్చుని గమనించాలంటే నేనైతే కొన్ని విషయాలు చూస్తాను. నెల మాత్రలు పదిహేను రోజులకే అయిపోతున్నాయా? ఒక డాక్టర్‌కు తెలియకుండా ఇంకో డాక్టర్ దగ్గర అదే మందు రాయించుకుంటున్నారా? "స్ట్రిప్ పోయింది, తడిసిపోయింది" అన్న మాట మాటిమాటికీ వస్తోందా? నిద్ర కోసం మొదలైంది పగలు ఆఫీసులోనూ అవసరమవుతోందా? మందులో మద్యం కలుస్తోందా? అన్నిటికంటే ముఖ్యం, ఆ మాత్ర గురించి అబద్ధాలు మొదలయ్యాయా? అలవాటు మాత్రమే పడినవాళ్లు సాధారణంగా మాత్రను డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుంటారు. బీరువాలో చీరల మడతల మధ్య దాచే అవసరం వాళ్లకు రాదు.

డాక్టర్ రాసిన మందే కదా, వ్యసనం ఎలా అవుతుంది?

చీటీ ఉన్నంత మాత్రాన మెదడు వేరే రకంగా స్పందించదు. డాక్టర్ రాసినదాన్ని రాసినట్టు వాడేవాళ్లలో ఎక్కువమంది వ్యసనం దాకా వెళ్లరు. కొందరు వెళ్తారు. ఇంతకు ముందు మద్యమో మరో మత్తో సమస్యగా ఉన్నవాళ్లకు, కుటుంబంలో అలాంటి చరిత్ర ఉన్నవాళ్లకు, చికిత్స అందని డిప్రెషన్ ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ.

అమెరికా అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అక్కడ 1996లో మార్కెట్లోకి వచ్చిన ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్రతో వ్యసనం ముప్పు చాలా తక్కువని తయారీ సంస్థ పర్డ్యూ డాక్టర్లను నమ్మించింది. 2007లో ఒకసారి, 2020లో మళ్లీ ఆ సంస్థ కోర్టులో నేరం ఒప్పుకుంది. ఆ తర్వాత భయం అవతలి అంచుకు పోయింది. ఏళ్ల తరబడి ఒకే డోసు మీద నెట్టుకొస్తున్న నొప్పి రోగులకు మందు టక్కున ఆపేసిన సంఘటనలు పెరిగాయి. అలా చేయవద్దని 2019 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. విత్‌డ్రాయల్ బాధ, ఆత్మహత్యలు అందుకు కారణాలు. వ్యసనం లేదని నమ్మించి ఒకసారి, అందరికీ వ్యసనమేనని భయపడి ఇంకోసారి, రెండుసార్లూ దెబ్బతిన్నది రోగులే.

కల్లు మానేసినవాళ్లకు పిచ్చి పట్టినట్టు అవుతుందంటారు. దానికీ ఈ మాత్రలకూ సంబంధం ఉందా?

నేరుగా ఉంది. తెలంగాణలో చాలాచోట్ల చెట్టు కల్లు చాలక, నీళ్లలో ఆల్ప్రాజోలామ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు రసాయనం కలిపి కల్లు పేరుతో అమ్మే దందా ఏళ్లుగా నడుస్తోంది. తాగేవాళ్లకు తాము నిద్రమాత్రల పొడి తాగుతున్నామని తెలియదు.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరం చేసింది. సరఫరా ఒక్కసారిగా ఆగింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆస్పత్రులకు జనం వరస కట్టారు. వణుకు, ఫిట్స్, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, గాల్లో ఏవో కనబడుతున్నాయని అరవడం. ప్రాణాలు పోయినట్టు కూడా వార్తలొచ్చాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలూ మద్యం షాపులూ మూతపడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం దగ్గర మళ్లీ అదే పరిస్థితి.

ఈ పేజీలో చెబుతున్న తేడాకు ఇంతకంటే సూటి సాక్ష్యం నాకు తెలియదు. పొలం పని ముగించుకుని సాయంత్రం ఒక సీసా తాగే కూలీ ఆల్ప్రాజోలామ్ పేరు కూడా విని ఉండడు. ఆ మాత్ర కోసం వెతికిందీ లేదు. అయినా అతని మెదడు దానికి పూర్తిగా అలవాటు పడింది. వాళ్లలో కొందరికి కల్లు వ్యసనం ఉండొచ్చు, అది వేరే లెక్క. ఆ వారం ఆస్పత్రికి తెచ్చింది మాత్రం ఒకేసారి ఆగిపోయిన మందు. పేపర్లలో వాళ్లందరినీ "కల్లుకు బానిసలు" అని ఒకే గాటన కట్టేశారు.

అయితే రేపటినుంచే మానేస్తాను. ఒకేసారి ఆపొచ్చా?

ఆల్ప్రాజోలామ్ వర్గం మందులు వారాల తరబడి రోజూ వాడి ఉంటే, వద్దు. మద్యంలాగే ఈ వర్గం విత్‌డ్రాయల్ కూడా ప్రాణం మీదికి తేగలదు. ఆల్ప్రాజోలామ్ రక్తంలోంచి త్వరగా పోతుంది, సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు చాలు. అందుకే ఒకట్రెండు రోజుల్లోనే బాధ మొదలవుతుంది. క్లోనజిపామ్ నెమ్మదిగా పోతుంది కాబట్టి "మూడు రోజులైంది, నాకేం కాలేదు" అని సంబరపడ్డాక మొదలవుతుంది.

ట్రమడాల్, మార్ఫిన్ తరహా మందులు ఆపితే ఆవులింతలు, ముక్కు కారడం, ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, విరేచనాలు, ఎముకలు పీకేంత నొప్పులు వస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇది ప్రాణాంతకం కావడం అరుదు, కానీ నరకం. ఇక్కడ అసలు ప్రమాదం తర్వాత వస్తుంది. కొన్ని వారాలు మానేసరికి శరీరం ఓర్చుకునే శక్తి తగ్గిపోతుంది. మళ్లీ పాత డోసే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. డీ అడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికొచ్చిన తొలి రోజుల్లో మరణాలు ఎక్కువగా జరగడానికి కారణం ఇదే.

ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనిషి అయోమయంలో పడినా, లేనివి కనబడుతున్నాయని అన్నా ఇంట్లో కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

మరి ఎలా తగ్గిస్తారు?

నెమ్మదిగా. నిద్ర, ఆందోళన మాత్రలకు వైద్యులు మామూలుగా ఉన్న డోసులో 5 నుంచి 10 శాతం తగ్గించి, రెండు నుంచి నాలుగు వారాలు ఆగి చూస్తారు. ఒళ్లు సర్దుకుంటే మరికొంత. ఇబ్బందిగా ఉంటే అక్కడే ఆగుతారు. ఏళ్ల తరబడి వాడినవాళ్లకు ఇది ఏడాది దాకా సాగొచ్చు. కొందరికి ఆల్ప్రాజోలామ్ నుంచి ఎక్కువసేపు పనిచేసే డయాజిపామ్‌కు మార్చి, దాన్ని తగ్గిస్తారు. చివరి చిన్న ముక్క మానడమే చాలామందికి కష్టం. 0.25 మాత్రను సగం చేయడం తేలికే గాని, పావు చేసేసరికి పొడి అవుతుంది. తక్కువ డోసులో ఎలా ఇవ్వాలో డాక్టర్‌నే అడగండి. "రోజు విడిచి రోజు వేసుకుంటా" అన్నది మనవాళ్లకు ఇష్టమైన సొంత వైద్యం. ఆల్ప్రాజోలామ్ లాంటి వాటితో అది ప్రతి రెండో రోజూ చిన్న విత్‌డ్రాయల్ తెచ్చుకోవడమే.

మాత్ర తగ్గిస్తూ నిద్రకు వేరే దారి చూపకపోతే మళ్లీ మాత్ర దగ్గరికే వస్తారు. నిద్రలేమికి సీబీటీ-ఐ అనే మాటల చికిత్స ఉంది. దీర్ఘకాల నిద్రలేమికి ముందు దీన్నే ప్రయత్నించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. మన దగ్గర అది చేసేవాళ్లు తక్కువ, మాత్ర రాయడం రెండు నిమిషాల పని. ఈ సమస్యకు సగం కారణం అక్కడే ఉందని నా అభిప్రాయం.

తగ్గిస్తుంటే పాత టెన్షన్ తిరిగొచ్చింది. అంటే ఆ మందు నాకు జీవితాంతం కావాల్సిందేనా?

తొందరపడి అలా తేల్చకండి. డోసు తగ్గించిన కొద్ది రోజుల్లోనే వచ్చి, కొన్ని వారాల్లో మెల్లగా తగ్గితే అది విత్‌డ్రాయల్ అయ్యే అవకాశం ఎక్కువ. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం, వెలుతురు చూడలేకపోవడం, చర్మం మీద చీమలు పాకినట్టుండటం లాంటి ఇంతకు ముందు లేని బాధలు తోడైతే అనుమానం ఇంకా అటే. పాత ఆందోళన జబ్బు అయితే నెమ్మదిగా పైకి వస్తుంది, పాత రూపంలోనే వస్తుంది, రోజులు గడిచినా తగ్గదు. ఏ రోజు ఎంత తగ్గించారో, ఏ రోజు ఏం అనిపించిందో క్యాలెండర్ మీద రాసుకుంటే డాక్టర్‌కు తేల్చడం సులువు.

డిప్రెషన్ మందులూ ఇలాంటివేనా?

ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, పరోక్సెటిన్ లాంటివి ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం, చిరాకు, వింత కలలు రావొచ్చు. కాబట్టి శరీరం వీటికి సర్దుకుంటుంది, వీటినీ క్రమంగానే ఆపాలి. కానీ వీటి మీద యావ పుట్టదు, మత్తు కోసం ఎవరూ నాలుగు మాత్రలు మింగరు. "డిప్రెషన్ మందులకు బానిసైపోతారు" అన్న మాట తప్పు. ఆ మాట విని మధ్యలో మానేసి ఆత్మహత్య ఆలోచనల దాకా వెళ్లేవాళ్లుంటారు కాబట్టి దీన్ని గట్టిగా చెబుతున్నాను. క్లోనజిపామ్ కలిపిన మాత్ర అయితే ఆ భాగాన్ని విడిగా చూడాలి.

నాన్నకు క్యాన్సర్. మార్ఫిన్ ఇస్తామంటున్నారు. అలవాటైపోతుందని మా పెదనాన్న వద్దంటున్నారు.

మార్ఫిన్ వారాలు వాడితే నాన్నగారి శరీరం దానికి అలవాటు పడుతుంది, అది నిజమే. తర్వాత అవసరం తీరితే డాక్టర్లు మెల్లగా తగ్గిస్తారు. నొప్పికి తగిన డోసు తీసుకునే క్యాన్సర్ రోగుల్లో వ్యసనం తక్కువ. నొప్పి తగ్గాక మనిషి లేచి కూర్చుంటాడు, నాలుగు ముద్దలు తింటాడు, మనవలతో మాట్లాడతాడు. వ్యసనంలో జరిగేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది.

మార్ఫిన్ దొరకడం ఒకప్పుడు లైసెన్సుల చిక్కుల వల్ల చాలా కష్టంగా ఉండేది. 2014లో మత్తుమందుల నియంత్రణకున్న ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించాక, గుర్తింపు పొందిన ఆస్పత్రులకు ఈ పని కొంత తేలికైంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి నివారణ విభాగం ఉంది. పెదనాన్నగారిని ఒకసారి వెంట తీసుకెళ్లి డాక్టర్‌తోనే మాట్లాడించండి. ఫోన్‌లో వాదించుకోవడం కంటే అది నయం. మలబద్ధకానికి మందు మాత్రం మొదటి రోజునుంచే అడగండి. మార్ఫిన్‌తో అది దాదాపు అందరికీ వస్తుంది.

మార్ఫిన్ తరహా మందుల వ్యసనానికి బుప్రెనార్ఫిన్ అనే మందు ఇస్తున్నారు. ఒక మత్తు తీసి ఇంకో మత్తు పెట్టడం కాదా?

బుప్రెనార్ఫిన్ వాడే మనిషి శరీరం ఆ మందుకు అలవాటు పడే ఉంటుంది. దాన్ని ఎవరూ దాచరు. కానీ యావ తగ్గి, మాత్రల వేట ఆగి, అతను పనికి వెళ్తుంటాడు, అప్పులు తీర్చుకుంటుంటాడు. వ్యసనం అదుపులోకి వచ్చింది, అలవాటు మిగిలింది. రెండూ వేర్వేరని అర్థమైతే ఈ చికిత్స లాజిక్ కూడా అర్థమవుతుంది. అర్థం కాని ఇంటివాళ్లు రెండు నెలలకే ఆపించేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది.

మెడికల్ షాపులో అడిగితే చీటీ లేకుండానే ఇస్తున్నారు. చట్టం ఏమంటుంది?

ఆల్ప్రాజోలామ్, డయాజిపామ్, జోల్పిడెమ్, కోడీన్, ట్రమడాల్ షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన ప్రకారం చీటీ లేకుండా అమ్మకూడదు. రోగి పేరు, డాక్టర్ పేరు, ఎన్ని ఇచ్చారన్నది విడి రిజిస్టర్లో రాసి మూడేళ్లు ఉంచాలి. ప్యాకెట్ మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను ఎన్‌డీపీఎస్ చట్టం కిందికీ తెచ్చారు. ఇన్ని ఉన్నా, తెలిసిన షాపులో పాత స్ట్రిప్ చూపిస్తే ఇచ్చేస్తారన్నది అందరికీ తెలిసిందే. ఎయిమ్స్ నిపుణులు చేసిన జాతీయ సర్వే నివేదిక 2019లో వచ్చింది. డాక్టర్ సలహా లేకుండా మత్తు, నిద్ర మందులు వాడుతున్నవాళ్లు దేశంలో సుమారు 1.18 కోట్ల మంది అని అది లెక్కగట్టింది.

అమ్మానాన్నలు విదేశాలకు వస్తున్నారు. ఈ మాత్రలు తెచ్చుకోవచ్చా?

అమెరికాకైతే చీటీతో పాటు, మందు పేరు కనబడే అసలు స్ట్రిప్పుల్లోనే తీసుకురండి. మాత్రలు విడదీసి డబ్బాలో పోసుకురావద్దు. అక్కడ అయిపోతే కొత్తగా రాయించుకోవడం కష్టం. ఎవరికి ఏ మందు ఎన్ని రాశారో చూపే రాష్ట్రాల రిజిస్టర్లు డాక్టర్లు చూస్తారు. ఆరు నెలల మకాం అయితే బయల్దేరే ముందే డాక్టర్‌తో లెక్క చూసుకోండి. మధ్యలో అయిపోతే అది పరాయి దేశంలో విత్‌డ్రాయలే.

గల్ఫ్ సంగతి ఇంకా కఠినం. ట్రమడాల్, కోడీన్, ప్రీగాబలిన్ లాంటివి యూఏఈకి తీసుకెళ్లాలంటే అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి ముందే పొందాలి. జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఊళ్లో ఎవరో "మా అన్నకివ్వు" అని మందుల పొట్లం ఇస్తారు. తీసుకోవద్దు. మొహమాటానికి పోతే జైలు పాలవుతారు.

వ్యసనమేనని తేలింది. ఇంట్లోవాళ్లం ఏం చేయాలి? పోలీసులు పట్టుకుంటారా?

మాత్రలన్నీ లాక్కుని కమోడ్‌లో పోయడం చాలామంది చేసే మొదటి పని. విత్‌డ్రాయల్ ఫిట్స్ వచ్చేది అప్పుడే. మాత్రలు మీ దగ్గర పెట్టుకుని రోజువారీగా ఇవ్వండి, ఈలోగా డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. మద్యం మాత్రం దగ్గరికి రానివ్వద్దు. నిద్రమాత్ర, ట్రమడాల్, మద్యం ఏ రెండు కలిసినా ఊపిరి మందగిస్తుంది.

చికిత్స కోసం తనంతట తానే ముందుకొచ్చే వ్యక్తికి, కొద్ది మోతాదు కేసుల్లో, ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. ఆస్పత్రికి వెళ్తే కేసు పెడతారన్న భయంతో ఆగిపోకండి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులో మాట్లాడొచ్చు. మత్తు విముక్తి జాతీయ హెల్ప్‌లైన్ 14446. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆస్పత్రులున్నాయి. మెడికల్ కాలేజీ ఆస్పత్రుల సైకియాట్రీ ఓపీల్లోనూ చూస్తారు. ప్రైవేటు డీ అడిక్షన్ సెంటర్‌లో చేర్చేటట్టయితే అక్కడ డాక్టర్ ఉంటారా, విత్‌డ్రాయల్‌కు మందులిస్తారా, కుటుంబాన్ని కలవనిస్తారా అని ముందే అడగండి. గదిలో పెట్టి తాళం వేయడాన్ని వైద్యమని చెప్పే చోట్లూ ఉన్నాయి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. గ్యాస్ మాత్ర, ఆయుర్వేదం పొడి, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లం, అన్నీ. రోజుకు నిజంగా ఎన్ని వేసుకుంటున్నారో చెప్పండి, చీటీలో రాసిన సంఖ్య చెప్పొద్దు. ఆరు వేసుకుంటూ రెండని చెబితే డాక్టర్ రెండు మాత్రల లెక్కనే తగ్గింపు మొదలుపెడతారు, మొదటి వారంలోనే ఫిట్స్ రావొచ్చు. మద్యం, కల్లు తాగుతుంటే అదీ చెప్పాలి. పక్కన అత్తగారు కూర్చుని ఉంటే చెప్పలేనిదేదైనా ఉంటే, కాసేపు ఒంటరిగా మాట్లాడతానని డాక్టర్‌ను అడగొచ్చు.